ఎముకలు అతికే మెగ్నీషియం: గిరాకీ గ్రాములలో, విలువ శుద్ధిలో

మెగ్నీషియం బజారుకు కొత్త సరకు కాదు. ఉక్కు కొలుములలో పరిచే ఇటుకలకు కాల్చిన మాగ్నసైటు, అల్యూమినియం మిశ్రమాలకు లోహపు దిమ్మెలు, ఆకులు పసుపు బారిన పత్తికి, నిమ్మకు వేసే మెగ్నీషియం సల్ఫేటు, మందుల కంపెనీలకు ఆక్సైడు, హైడ్రాక్సైడు పొడులు - వీటి రకాలు, ధరవరలు ఖనిజ, రసాయన వర్తకులకు కొట్టినపిండి. ఈ సరకుల వరుసలో ఇటీవలి సంవత్సరాలలో మరొక పేరు వినవస్తున్నది. విరిగిన ఎముకలను త్వరగా అతికించే మెగ్నీషియం నానో పదార్థాలు అన్నదే ఆ పేరు.

వైద్యరంగంలో ఇటువంటి వార్త వెలువడినప్పుడల్లా బజారులో రెండు ప్రశ్నలు లేస్తాయి. ఈ కొత్త ఉపయోగం వల్ల మెగ్నీషియం ధర పెరుగుతుందా? గోడౌనులో ఉన్న నిలవలను ఈ వ్యాపారానికి మళ్ళించవచ్చునా? ఈ రెండింటికీ లెక్కలు చూపే జవాబు ఒక్కటే: ఈ వ్యాపారం టన్నులది కాదు. ఇందులో కాటాకు ఉన్న విలువ కంటె పరీక్షా పత్రానికి ఉన్న విలువ అనేక రెట్లు ఎక్కువ. అది ఎందుకో తెలియాలంటే సరకు పుట్టుక నుంచి శస్త్రచికిత్స బల్ల వరకు సాగే దారిని ఒకసారి పరిశీలించవలసి ఉన్నది.

సరకు ఎక్కడ నుంచి వస్తుంది

మెగ్నీషియానికి ముఖ్యమైన రాళ్ళు రెండు. మొదటిది మాగ్నసైటు. శుద్ధమైన మాగ్నసైటులో ఆక్సైడు పాలు 47.8 శాతం. మన దేశంలో తమిళనాడులోని సేలం ప్రాంతం, ఉత్తరాఖండులోని అల్మోరా ప్రాంతం ఈ రాతికి పేరుపడినవి. రెండవది డోలమైటు. ఇందులో మెగ్నీషియం ఆక్సైడు సుమారు 22 శాతం, మిగిలినది సున్నం, బొగ్గుపులుసు వాయువు. డోలమైటు ఆంధ్రప్రదేశ్‌లో కడప, కర్నూలు ప్రాంతాలలోను, తెలంగాణలో ఖమ్మం జిల్లాలోను ఉన్నది. విశాఖపట్నం ఉక్కు కర్మాగారానికి ఖమ్మం జిల్లా మాదారంలో సొంత డోలమైటు గని ఉన్నది.

మాగ్నసైటును కాల్చే వేడిని బట్టి సరకు మారుతుంది. 700 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ మధ్య కాల్చితే చురుకైన తేలిక ఆక్సైడు వస్తుంది. ఇది ఆమ్లాలతో, నీటితో తొందరగా కలుస్తుంది. 1500 డిగ్రీలు దాటి కాల్చితే చురుకు చచ్చిన గట్టి ఆక్సైడు వస్తుంది. కొలిమి ఇటుకలకు పనికివచ్చేది ఇదే. ఒకే రాయి, ఒకే రసాయన నామం; అయినా ఒకటి చేసే పని మరొకటి చేయలేదు. నానో పదార్థాల విషయంలోను ఈ సూత్రమే మరింత గట్టిగా వర్తిస్తుంది.

లోహం విషయానికి వస్తే, నేడు ప్రపంచ ఉత్పత్తిలో అధిక భాగం పిడ్జన్ పద్ధతిలో జరుగుతున్నది. 1940 దశకం ఆరంభంలో కెనడాలో లాయిడ్ పిడ్జన్ రూపొందించిన పద్ధతి ఇది. కాల్చిన డోలమైటును ఫెర్రోసిలికాన్‌తో కలిపి, ఉక్కు గొట్టాలలో గాలి తీసివేసి, 1200 డిగ్రీల ప్రాంతంలో వేడి చేస్తే మెగ్నీషియం ఆవిరిగా లేచి చల్లని కొసన గడ్డ కడుతుంది. ఒక టన్ను లోహానికి 10 టన్నులకు పైగా డోలమైటు, టన్నుకు పైగా ఫెర్రోసిలికాన్, మెండుగా ఇంధనం కావాలి. కనుక ఈ లోహం ధరలో రాయి కంటె బొగ్గు పాత్ర ఎక్కువ.

ప్రపంచంలో ఏడాదికి సుమారు 10 లక్షల టన్నుల మెగ్నీషియం లోహం తయారవుతుంటే, అందులో 10 పాళ్ళలో 8 పాళ్ళకు పైగా చైనాదే. చైనాలో షాన్సీ రాష్ట్రంలోని యూలిన్ ప్రాంతం, అందులోను ఫూగూ తాలూకా, ఈ పరిశ్రమకు గుండెకాయ. 2021 సెప్టెంబరులో విద్యుత్తు, ఇంధన వినియోగాన్ని తగ్గించే ఉత్తరువులు వచ్చినప్పుడు ఆ ప్రాంతంలోని సుమారు 50 కర్మాగారాలలో 35 మూతపడ్డాయి. మిగిలినవి ఉత్పత్తిని సగానికి తగ్గించవలసి వచ్చింది. కొద్ది వారాలలోనే యూరపులో ధర టన్నుకు 10,000 డాలర్లు దాటింది. కర్మాగారాలు తెరచుకొన్న తరువాత 2022లో ధర దిగివచ్చింది. మన దేశానికి కావలసిన లోహంలో అత్యధిక భాగం చైనా నుంచి దిగుమతి అయ్యేదే కనుక ఆ ఆటుపోట్లు ఇక్కడి కొనుగోలుదారులను కూడ తాకాయి.

మరొక సంగతి కూడ గమనించదగినది. లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో రాగి, అల్యూమినియం, జింకు, సీసం వంటి వాటికి ఉన్నట్లు మెగ్నీషియానికి వాయిదా కాంట్రాక్టు లేదు. బేరాలన్నీ అమ్మేవారికి, కొనేవారికి మధ్య నేరుగా జరిగేవే. వాయిదా అండ లేని సరకులో పుకారుకు బలం ఎక్కువ. అందువల్లనే ఎముకల వార్తను లెక్కతో తూచి చూడడం అవసరం.

ఎముకకు, మెగ్నీషియానికి ఉన్న సంబంధం

పెద్దవారి శరీరంలో సుమారు 25 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. అందులో సగానికి పైగా ఎముకలలోనే ఉంటుంది. ఇది శరీరానికి పరాయి వస్తువు కాదు. ఆహారంలో రోజూ లోపలికి పోతున్నది, ఎక్కువైనది మూత్రపిండాల ద్వారా బయటకు పోతున్నది. ఈ లోహం మీద వైద్యుల కన్ను పడడానికి ఇది మొదటి కారణం.

రెండవ కారణం బలానికి సంబంధించినది. విరిగిన ఎముకను పట్టి ఉంచడానికి వాడుకలో ఉన్నవి స్టెయిన్‌లెస్ స్టీలు, టైటానియం ప్లేట్లు, స్క్రూలు. వీటి బిగువు ఎముక బిగువు కంటె చాల ఎక్కువ. ఇంజనీర్ల కొలతలో స్టీలుకు సుమారు 200 గిగాపాస్కల్స్, టైటానియం మిశ్రమానికి 110, మెగ్నీషియానికి 45 ప్రాంతం, గట్టి ఎముకకు 20 ప్రాంతం. బరువంతా లోహమే మోస్తుంటే ఎముకకు పని తగ్గుతుంది. పని లేని ఎముక పలుచబడుతుంది. మెగ్నీషియం ఈ విషయంలో ఎముకకు దగ్గరగా ఉన్నది. బరువులో కూడ ఘన సెంటీమీటరుకు 1.74 గ్రాములు మాత్రమే. గట్టి ఎముక కూడ ఇంచుమించు అంతే.

మూడవ కారణం రోగి జేబుకు సంబంధించినది. స్టీలు ప్లేటు వేసిన తరువాత, ముఖ్యంగా ఎదిగే పిల్లలలో, దానిని తీయడానికి తరచు రెండవ ఆపరేషను అవసరం అవుతుంది. మళ్ళీ ఆస్పత్రి, మళ్ళీ మత్తు, మళ్ళీ ఖర్చు, మళ్ళీ పనికి నాగా. మెగ్నీషియం స్క్రూ శరీరంలోని తేమకు మెల్లగా కరిగి, ఎముక అతికే నాటికి తన పని ముగించుకొని మాయమైతే ఈ రెండవ ఆపరేషను తప్పుతుంది.

వంద సంవత్సరాల పాఠం

ఈ ఆలోచన నిన్నటిది కాదు. 1878లో అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ హ్యూస్ రక్తనాళాలను ముడివేయడానికి మెగ్నీషియం తీగలు వాడినాడు. 1900 ప్రాంతంలో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరానికి చెందిన ఎర్విన్ పైర్ ఈ లోహంతో అనేక ప్రయోగాలు చేసినాడు. బెల్జియం వైద్యుడు ఆల్బాన్ లాంబోట్ 1906లో కాలు విరిగిన 17 ఏండ్ల కుర్రవానికి మెగ్నీషియం ప్లేటు వేసి, దానిని బంగారు పూత పూసిన ఉక్కు మేకులతో బిగించినాడు. 8 రోజులలో ఆ ప్లేటు ముక్కలైపోయింది. చర్మం క్రింద వాయువు పొంగింది.

కారణం తరువాత బోధపడింది. రెండు వేర్వేరు లోహాలు ఉప్పు నీటిలో కలసి ఉంటే అది చిన్న బ్యాటరీ అవుతుంది. బలహీనమైన లోహం తొందరగా తినివేయబడుతుంది. మెగ్నీషియం నీటితో కలసినప్పుడు హైడ్రాక్సైడు ఏర్పడి, హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. ఒక గ్రాము లోహం పూర్తిగా కరిగితే సుమారు 1 లీటరు వాయువు వస్తుంది. మెల్లగా వస్తే శరీరం దానిని సర్దుకొనగలదు. ఒక్కసారిగా వస్తే బుడగలై కండను, ఎముకను ఎడం చేస్తుంది. రక్తంలోని ఉప్పు హైడ్రాక్సైడు పొరను కూడ నిలువనీయదు.

ఇక్కడ వర్తకులకు పనికివచ్చే కీలకం ఉన్నది. లాంబోట్ ఉక్కును బయట నుంచి మేకుగా దిగవేసినాడు. కాని లోహంలోనే ఇనుము మలినంగా ఉంటే ప్రతి ఇనుప రేణువూ ఒక చిన్న మేకుగా పనిచేస్తుంది. 1942లో అమెరికాలోని డౌ కెమికల్ కంపెనీ పరిశోధకులు దీనికి హద్దులు కనుగొన్నారు. శుద్ధ మెగ్నీషియంలో ఇనుము 10 లక్షల పాళ్ళలో 170 పాళ్ళు దాటితే, నికెలు 5 పాళ్ళు దాటితే, తినివేత ఒక్కసారిగా ఉవ్వెత్తున పెరుగుతుందని తేల్చినారు. ఎముకలో పెట్టే లోహం భవితవ్యం ఈ చిన్న అంకెల మీద ఆధారపడి ఉన్నది.

నేడు వాడుకలో ఉన్నవి

ఈ పాఠాలు నేర్చిన తరువాతనే వ్యాపారయోగ్యమైన సరకు బయటకు వచ్చింది. జర్మనీలోని హానోవర్‌కు చెందిన సింటెలిక్స్ కంపెనీ తయారు చేసిన మాగ్నెజిక్స్ స్క్రూకు 2013లో యూరపు అనుమతి ముద్ర లభించింది. ఇందులో మెగ్నీషియంతో పాటు ఇట్రియం, అరుదైన మృత్తికా లోహాలు, జిర్కోనియం కలుస్తాయి. దక్షిణ కొరియాలో కాల్షియం, జింకు కలిపిన మెగ్నీషియం స్క్రూకు 2015లో అనుమతి వచ్చింది. చేతి, మణికట్టు ఎముకలు విరిగినవారికి దీనిని వాడి చూసిన ఫలితాలు 2016లో ప్రచురితమైనాయి. 6 మాసాలలో ఎముక అతికి, ఏడాదిలోగా స్క్రూ స్థానంలో కొత్త ఎముక చేరినట్లు అందులో తెలిపినారు. ఫిన్లండుకు చెందిన బయోరెటెక్ కంపెనీ మెగ్నీషియం, జింకు, కాల్షియం స్క్రూకు 2023లో అమెరికా ఆహార, ఔషధ పాలక సంస్థ అనుమతి ఇచ్చింది.

ఇవన్నీ లోహపు స్క్రూలు. నానో పదార్థాలు వీటి తరువాతి మెట్టు.

నానో అంటే ఏమిటి

మీటరును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. సాధారణంగా 100 నానోమీటర్లకు లోపు ఉన్న రేణువులను నానో రేణువులు అంటున్నారు. సన్నగా చేస్తే ఏమి లాభం అన్న ప్రశ్నకు వంటింటిలోనే జవాబు ఉన్నది. బియ్యం నానడానికి గంటలు కావాలి; అదే బియ్యం పిండి పట్టిస్తే నీరు పోసిన మరుక్షణం తడుస్తుంది. బరువు మారలేదు, నీరు తగిలే పైభాగం పెరిగింది. ఒక సెంటీమీటరు ఘనం పైభాగం 6 చదరపు సెంటీమీటర్లు. దానిని 10 నానోమీటర్ల ఘనాలుగా కోయగలిగితే మొత్తం పైభాగం 600 చదరపు మీటర్లు అవుతుంది. అనగా అరచేతిలో పట్టే సరకు ఒక పెద్ద ఇంటి స్థలమంత వైశాల్యంలో పనిచేస్తుంది.

ఎముకల రంగంలో పరిశోధకులు వాడుతున్న మెగ్నీషియం నానో సరకులు ముఖ్యంగా మూడు విధాలు.

మొదటిది నానో ఆక్సైడు, హైడ్రాక్సైడు. శరీరంలో కరిగిపోయే కుట్టుదారాల వంటి వాటికి వాడే పాలీలాక్టిక్ జాతి ప్లాస్టిక్కులు కరిగేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం చుట్టుపక్కల కండకు మంట పుట్టిస్తుంది. క్షార గుణం గల మెగ్నీషియం ఆక్సైడును ఆ ప్లాస్టిక్కులో కొద్దిగా కలిపితే ఆమ్లం విరుగుతుంది. వెలువడే మెగ్నీషియం ఎముక కణాలకు ఉపకరిస్తుంది. కడుపులో పులుపు విరగడానికి మిల్క్ ఆఫ్ మెగ్నీషియా తాగే సూత్రమే ఇది. ప్రయోగశాల పరీక్షలలో నానో ఆక్సైడు కొన్ని రకాల సూక్ష్మక్రిములను కూడ చంపుతున్నది.

రెండవది మెగ్నీషియం చేర్చిన హైడ్రాక్సీఅపటైటు. ఎముకలోని ఖనిజం ఒక రకమైన కాల్షియం ఫాస్ఫేటు. అందులో కొద్ది పాలు కాల్షియం స్థానంలో మెగ్నీషియం సహజంగానే ఉంటుంది. అదే కూర్పును కర్మాగారంలో నానో స్ఫటికాలుగా తయారు చేసి, కొల్లాజెన్ పీచుల మీద పేర్చి, ఎముక లోటు పూడ్చడానికి వాడుతున్నారు. ఇటలీలోని ఫాయెంజాలో ఇటువంటి సరకు తయారై యూరపు ఆస్పత్రులకు చేరుతున్నది. మూడింటిలోను వ్యాపార దశకు ఎక్కువగా చేరినది ఇదే.

మూడవది మెగ్నీషియం సిలికేటు జాతి నానో మట్టి. రంగులలోను, టూత్‌పేస్టులోను చిక్కదనానికి వాడే లాపొనైటు అనే తయారీ మట్టి ఇందుకు ఉదాహరణ. దీని రేణువులు సుమారు 25 నానోమీటర్ల వెడల్పు, 1 నానోమీటరు మందం గల బిళ్ళలు. మూలకణాలను ఎముక కణాలుగా మారడానికి ఇవి ప్రేరేపిస్తున్నట్లు 2013లో అమెరికా పరిశోధకులు ప్రకటించినారు. గుజ్జుగా చేసి సూదితో ఎక్కించే వీలు దీని ప్రత్యేకత. కాని ఇది ఇంకా ప్రయోగశాల గడప దాటవలసి ఉన్నది.

మోతాదు, సమయం

మెగ్నీషియం ఎముకకు ఏవిధంగా తోడ్పడుతున్నదో కూడ కొంత తెలిసింది. 2016లో హాంకాంగ్ పరిశోధకులు ఎలుకల మీద జరిపిన ప్రయోగంలో ఒక మార్గం బయటపడింది. ఎముక లోపల పెట్టిన మెగ్నీషియం నుంచి వెలువడిన అయాన్లు ఎముక పైపొరలోని నరాల కొసలను ప్రేరేపిస్తాయి. ఆ నరాలు విడిచే ఒక పదార్థం మూలకణాలను ఎముక కట్టే పనికి పురికొల్పుతుంది.

అయితే ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు అన్న సూత్రం ఇక్కడ చెల్లదు. 2021లో హాంకాంగ్‌లోనే మరొక బృందం ప్రకటించిన ఫలితాల ప్రకారం, గాయమైన తొలి రోజులలో మెగ్నీషియం మేలు చేస్తుంది. తరువాతి దశలో కూడ అదే స్థాయిలో అందుతూ ఉంటే కొత్త ఎముకలో ఖనిజం గట్టిపడడం మందగిస్తుంది. అనగా ఎంత, ఎప్పుడు, ఎన్నాళ్ళు అన్న మూడు ప్రశ్నలకు సరకు తయారీలోనే జవాబు ఉండాలి. రేణువు సైజు కొద్దిగా మారితే కరిగే వేగం మారుతుంది. వేగం మారితే మందు కాస్తా హాని కావచ్చును. నానో సరకులో లాటుకు, లాటుకు తేడా లేకుండడం ధర కంటె ముఖ్యం కావడానికి కారణం ఇదే.

టన్నుల లెక్క

ఇప్పుడు గిరాకీ సంగతి. 3 మిల్లీమీటర్ల లావు, 30 మిల్లీమీటర్ల పొడవు గల మెగ్నీషియం స్క్రూ బరువు సుమారు 0.37 గ్రాములు. ఏడాదికి ఒక కోటి స్క్రూలు అమ్ముడుపోయినాయనుకొందాం. వాటిలోని లోహం మొత్తం 3.7 టన్నులు. కోత, చెక్కుడులో తరుగు బాగా పోయి, కిలో సరకుకు 5 కిలోల లోహం కావలసి వచ్చినా 18.5 టన్నులు. ఇరవై అడుగుల కంటెయినరు ఒక్కటి చాలు. ఏడాదికి 10 లక్షల టన్నులు తయారయ్యే లోహంలో ఇది సుమారు 10 నిమిషాల ఉత్పత్తి.

నానో ఆక్సైడు లెక్క కూడ అంతే. 10 గ్రాముల ఎముక పూరకంలో 5 శాతం ఆక్సైడు కలిపితే అర గ్రాము. కోటి మంది రోగులకు వాడినా 5 టన్నులు. ఒక్క ఉక్కు కొలిమి లోపలి ఇటుకల మరమ్మతుకు ఇంతకంటె ఎక్కువ ఆక్సైడు పోతుంది.

ధర వైపు నుంచి చూసినా ఫలితం మారదు. లోహం కిలో 300 రూపాయలు అనుకొంటే, ఒక స్క్రూలో నిలిచే లోహం విలువ 11 పైసలు. ధర మూడింతలైనా 33 పైసలు. స్క్రూ తయారీదారు ఖర్చంతా శుద్ధి చేయడం, మిశ్రమం కట్టడం, చెక్కడం, క్రిమిరహితం చేయడం, జంతువుల మీద, మనుషుల మీద పరీక్షలు జరపడం, అనుమతులు పొందడం - వీటికే. కనుక ఎముకల వార్త లోహం ధరను పెంచలేదు. లోహం ధర పెరిగినా ఎముకల వ్యాపారం ఆగదు. ఈ రెండు బజార్ల మధ్య తాడు చాల పలుచనిది. వైద్య వార్త చూసి దిమ్మెలు నిలవ చేసేవారు గోడౌను అద్దె, వడ్డీ లెక్క వేసుకొనడం మంచిది.

శుద్ధి: అసలు విలువ ఇక్కడే

బజారులో 99.90 శాతం అన్న ముద్ర గల దిమ్మె మంచి సరకే. కాని మిగిలిన 0.10 శాతం అంటే 10 లక్షలలో 1,000 పాళ్ళు. అందులో ఇనుము ఎంత, నికెలు ఎంత అన్నది ఆ శాతం చెప్పదు. ఇనుముకు హద్దు 170, నికెలుకు 5 అని పైన చూచినాము. కావున ఎముక సరకు కొనేవాడు శాతం అడగడు, ఒక్కొక్క మలినం అంకె అడుగుతాడు. పోత పరిశ్రమలో ఎక్కువగా పోయే ఏజెడ్ 91 మిశ్రమంలో సుమారు 9 శాతం అల్యూమినియం ఉంటుంది. కారు విడిభాగాలకు అది మేలైనది. శరీరంలో కరిగి కలిసే అల్యూమినియం నరాలకు మంచిది కాదన్న ఆందోళన వల్ల ఎముక స్క్రూలకు దానిని దూరంగా ఉంచుతున్నారు.

ఆక్సైడు విషయంలోను మూడు మెట్లు ఉన్నాయి. కొలిమి గ్రేడు ఒకటి. భారత ఔషధ సంహిత ప్రకారం పరీక్షించిన మందుల గ్రేడు రెండవది. శరీరం లోపల నాటే గ్రేడు మూడవది. నోటి ద్వారా తీసుకొనే మందుకు పనికివచ్చినంత మాత్రాన ఎముకలో పెట్టడానికి పనికిరాదు. కడుపులో పడిన దానిని పేగులు, కాలేయం వడకట్టుతాయి. ఎముకలో పెట్టినదానికి ఆ వడపోత లేదు. సీసం, ఆర్సెనిక్, నికెలు వంటివి నేరుగా కణాలకు తగులుతాయి.

మన దేశంలో వైద్య పరికరాల నియమావళి 2017లో ప్రకటితమై, 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. పరికరాలను ప్రమాద స్థాయిని బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులుగా విభజించినారు. సీ, డీ తరగతుల తయారీకి కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ నుంచి లైసెన్సు ఉండాలి. జీవకణాలతో పొందికకు ఐఎస్‌ఓ 10993, తయారీ క్రమశిక్షణకు ఐఎస్‌ఓ 13485 ప్రమాణాలు అంతర్జాతీయంగా చెల్లుబాటులో ఉన్నాయి. ఇవి లేని సరకును వైద్యానికి అని అమ్మడం వ్యాపార నష్టంతో ఆగదు. నష్టపడేది ఆపరేషను బల్ల మీద ఉన్న మనిషి.

వర్తకులు గమనించవలసినవి

ఈ రంగంలో అడుగు పెట్టదలచినవారు టన్నుల అలవాటును గోడౌను గుమ్మం వద్దనే విడువవలసి ఉంటుంది. ఇక్కడి కొనుగోలుదారులు పరిశోధనాలయాలు, వైద్య పరికరాల తయారీదారులు. ఆర్డర్లు గ్రాములలో, కిలోలలో ఉంటాయి. మచ్చు ఒకటి చూపి సరకు మరొకటి పంపే బేరానికి ఇక్కడ తావు లేదు. ప్రతి లాటుకు విడిగా పరీక్షా పత్రం కావాలి. నానో సరకు అయితే రేణువుల సగటు సైజు, సైజులలో హెచ్చుతగ్గులు, గ్రాముకు ఉన్న పైభాగం వైశాల్యం, మలినాల అంకెలు, తయారైన తేదీ అందులో ఉండాలి. 'నానో' అన్న మాట డబ్బా మీద ఉంటే చాలదు. రేణువులు ముద్దకట్టి ఉంటే అది పేరుకే నానో.

నిలవ విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. నానో ఆక్సైడు గాలిలోని తేమను, బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని క్రమంగా హైడ్రాక్సైడుగా, కార్బొనేటుగా మారుతుంది. మూత తీసి తూకం వేసి మళ్ళీ కట్టిన డబ్బాలోనిది మొదటి సరకు కాదు. రెండవది ప్రాణాలకు సంబంధించినది. మెగ్నీషియం లోహపు సన్నపొడికి నిప్పు సులభంగా అంటుకొంటుంది. ఆ మంట మీద నీరు చల్లితే హైడ్రోజన్ పుట్టి మంట మరింత రేగుతుంది. లోహపు మంటలకై ప్రత్యేకించిన పొడిని, బాగా ఎండిన ఇసుకను దగ్గర ఉంచుకొనాలి. ఇతర రసాయనాలతో కలిపి ఒకే గదిలో ఈ పొడిని ఉంచరాదు.

బ్రోకర్లకు కూడ ఒక మాట వర్తిస్తుంది. కొలిమి గ్రేడు ఆక్సైడును, పోత దిమ్మెను వైద్యానికి పనికివస్తుందని చెప్పి బేరం కుదిర్చితే వచ్చే అడితి స్వల్పం. తరువాత మెడకు చుట్టుకొనే బాధ్యత పెద్దది. కొనుగోలుదారు ఏ పనికి వాడుతున్నాడో ఆర్డరు మీదనే వ్రాయించుకొనడం ఇరుపక్షాలకు క్షేమకరం.

ఇకముందు చూడవలసినవి

లోహం ధర మీద ఆసక్తి గలవారు యూలిన్ ప్రాంతపు బొగ్గు, అక్కడి ప్రభుత్వ ఉత్తరువులు, ఫెర్రోసిలికాన్ ధర, కార్ల, అల్యూమినియం పరిశ్రమల కొనుగోళ్ళు - వీటి మీదనే దృష్టి పెట్టవలసి ఉన్నది. ఎముకల సరకు మీద ఆసక్తి గలవారికి గుర్తులు వేరు. జంతువుల మీద జరిగిన ప్రయోగం శాస్త్ర వార్త మాత్రమే. మనుషుల మీద పరీక్ష పూర్తి అయితే అది వ్యాపార వార్తకు తొలి మెట్టు. ఒక దేశపు నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చినప్పుడే అది సరకు అవుతుంది. లోహపు స్క్రూలు ఈ మూడవ మెట్టు ఎక్కినాయి. నానో సరకులలో మెగ్నీషియం చేర్చిన హైడ్రాక్సీఅపటైటు ఎక్కింది. నానో ఆక్సైడు, నానో మట్టి చాలవరకు మొదటి మెట్టు మీదనే ఉన్నాయి.

డోలమైటు గనులకు గాని, మాగ్నసైటు బట్టీలకు గాని ఈ కొత్త ఉపయోగం వల్ల గిరాకీ పెరుగుతుందని ఆశించడానికి ఆధారం లేదు. శుద్ధి చేయగల చిన్న కర్మాగారానికి, నమ్మదగిన పరీక్షాలయానికి, లాటు లాటుకు మాట తప్పని సరఫరాదారుకు మాత్రం ఇందులో చోటు ఉన్నది.